నాన్నకి 11982 ఇచ్చా

మా నాన్నకి కొత్త లాప్‌టాప్ కొనిస్తే మొదటి రోజే ఫోన్, "ఏరా ఇందులో పేకాట ఏదిరా" అని. ఆయన దృష్టిలో కంప్యూటర్ అంటే పాత విండోస్ ఎక్స్‌పీ, ఎక్స్‌పీ అంటే ఒక్కళ్ళే ఆడుకునే పేకాట సాలిటైర్, ఆఫీసులో లంచ్ అయ్యాక రెండాటలు వెయ్యకపోతే తిన్నది అరిగేది కాదు. సరేలే అని బ్రౌజర్‌లో ఆడుకునే సైట్ ఒకటి బుక్‌మార్క్ చేసిచ్చా, పక్కన యాడ్స్ వస్తుంటాయి వాటి జోలికి పోకు అని వందసార్లు చెప్పి మరీ.

నాకైతే మామూలు సాలిటైరే ఇష్టం, క్లోండైక్ అంటారు కదా అది. పరిచిన 28 ముక్కల్లో 21 బోర్లా పడుంటాయి, మిగతా 24 కట్టలో. ఓడినా బాధుండదు, ఆసు అడుగున ఇరుక్కుంది నేనేం చెయ్యను అనేసి కొత్త ఆట నొక్కేస్తా. నాన్న మాత్రం ఫ్రీసెల్ మనిషి. అందులో 52 ముక్కలూ మొహం మీదే కనిపిస్తాయి, ఎనిమిది వరసలు, పైన నాలుగు ఖాళీ గళ్ళు, అంతే. ఓడామంటే తప్పు మనదే, ముక్కలు పడలేదనడానికి లేదు. కళావర్ రాణిని గడిలో పెట్టాలా వద్దా అని కళ్ళజోడు నుదుటి మీదకి తోసి పది నిమిషాలు అలా చూస్తూ కూర్చుంటాడు. అండూ బటన్ చూపిస్తే కోపమొచ్చింది, "రమ్మీలో పడేసిన ముక్క మళ్ళీ తీసుకుంటావా?" అంట.

ఈ ఫ్రీసెల్‌లో ఆటలకి నంబర్లుంటాయి, నంబర్ కొడితే అదే పంపకం వస్తుంది. పాత విండోస్‌లో 1 నుంచి 32000 దాకా ఉండేవి, 90ల్లో నెట్‌లో జనం వాటిని పంచుకుని ఆడితే అన్నీ అయ్యాయి ఒక్క 11982 తప్ప, తర్వాత ప్రోగ్రాములు పెట్టి చూసినా అది అవ్వలేదు.

నాకు కొంచెం దురద ఎక్కువ. ఆదివారం ఫోన్ చేసి "నాన్నా, 11982 ఆడి చూడు, భలే ఉంటుంది" అన్నా.

బుధవారం అమ్మ ఫోన్. "ఏం చెప్పావురా ఆయనకి, కాఫీ చల్లారిపోతున్నా లేవట్లేదు." పాపం అనిపించి ఆయన్ని పిలిచి మొత్తం చెప్పేశా, కంప్యూటర్లకే అవ్వలేదు నాన్నా వదిలెయ్ అని.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నిన్న రాత్రి ఒక్క గడి దగ్గర పోయిందిరా."