కారు యూనిట్లు ఏ శ్లాబులో పడుతున్నాయి?

విద్యుత్ కారు కొన్న మొదటి నెల మా హైదరాబాద్ ఇంటికి వచ్చిన కరెంటు బిల్లు నన్ను కలవరపెట్టింది. పాత బిల్లును యూనిట్లతో భాగించి, ఆ సగటు ధరకే కారు కూడా నడుస్తుందని నేను లెక్కవేసుకున్నాను. అది పొరపాటు. తెలంగాణలో గృహ వినియోగానికి, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబుల పద్ధతి ఉన్నందున, ఇంటి వాడకం మీద అదనంగా చేరే కారు యూనిట్లన్నీ పై శ్లాబుల్లోనే పడతాయి.

మా ఇంటి వాడకం నెలకు 250 యూనిట్లు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే మా కారు, యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల చొప్పున, చార్జింగ్‌లో వృథా అయ్యేది కూడా కలుపుకొని దాదాపు 160 యూనిట్లు తీసుకుంటుంది. వాటిలో 50 యూనిట్లకు 7.70, తరువాతి నూటికి 9, చివరి పదికి 9.50 రూపాయల చొప్పున 1,380 రూపాయలు పడ్డాయి. 200 యూనిట్ల లోపు వాడే కుటుంబాలు మరింత జాగ్రత్తపడాలి. ఆ గీత దాటిన నెలలో మొదటి 200 యూనిట్ల ధర కూడా మారిపోయి, 820 రూపాయలు కావలసింది 1,020 అవుతుంది.

అందుకే కారుకు వేరే మీటరు తీసుకున్నాను. విద్యుత్ వాహనాల కేటగిరీలో యూనిట్ 6 రూపాయలు కాబట్టి అవే 160 యూనిట్లకు 960 రూపాయలవుతున్నాయి. స్థిర చార్జీ అదనం కనుక, తక్కువ తిరిగేవారు ముందుగా లెక్క చూసుకోవడం మంచిది.

బయట పరిస్థితి వేరు. విజయవాడలోని అక్కావాళ్ల ఇంటికి దాదాపు 270 కిలోమీటర్లు; ఒక్క చార్జింగ్‌తో మా కారు వెళ్లేది 200. హైవే మీది ఫాస్ట్ చార్జర్ల దగ్గర 18 శాతం జీఎస్టీతో కలిపి యూనిట్‌కు 20 రూపాయలకు పైగానే చెల్లించాను. కాబట్టి ఇంట్లో బ్యాటరీని పూర్తిగా నింపుకొని బయలుదేరి, సూర్యాపేట దగ్గర ఒకసారి ఆగి, గమ్యం చేరడానికి కావలసిన 14, 15 యూనిట్లు మాత్రమే ఎక్కించుకుంటాను. ఎనభై శాతం దాటాక చార్జింగ్ ఎలాగూ నెమ్మదిస్తుంది. వేగాన్ని గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఉంచితే ఆ అవసరం ఇంకా తగ్గుతుంది.

మిగతాది అక్కావాళ్ల ఇంట్లో, ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడకుండా, సరైన వైరింగ్ ఉన్న 15 ఆంపియర్ల ప్లగ్గు నుంచి రాత్రంతా ఎక్కుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ శ్లాబులే ఉన్నాయి కాబట్టి, అక్క ఎంత వద్దన్నా, ఆ యూనిట్లకు వాళ్ల బిల్లులోని పై శ్లాబు ధర లెక్కకట్టి ఆ డబ్బు ఆమె చేతిలో పెట్టాకే బయలుదేరుతాను.