అమ్మ రిమోట్ నా చేతిలో పెట్టేసింది

పొద్దున్నే లేవాలి. అయినా ఇది రాయందే నిద్ర పట్టేలా లేదు.

టీవీ మళ్ళీ తనంతట తానే అప్‌డేట్ అయింది. రాత్రి ఎప్పుడో దించుకుని ఉంటుంది, సాయంత్రం ఆన్ చేయగానే మొత్తం మారిపోయి ఉంది. పై సగం నిండా మేమెవరం అడగని సిరీస్ ప్రకటన, అదీ శబ్దంతో సహా దానంతటదే ఆడుతోంది. దాని కింద ఇంకో వరస ప్రకటనలు. ఆ కింద ఎక్కడో, చిన్న బొమ్మగా, అమ్మ రోజూ చూసే ఛానెల్.

అమ్మ సంగతి మీకు తెలుసుగా. కంటి ఆపరేషన్ అయినా తెర మీది చిన్న అక్షరాలు ఆనవు. తనది వేళ్ళ లెక్క. హోమ్ నొక్కాలి, కిందికి ఒకటి, కుడికి రెండు, ఓకే. అన్నయ్య ఓపిగ్గా కూర్చుని నేర్పిన వరస అది. చీకట్లో కూడా తప్పు పోయేది కాదు. ఇవాళ అదే వరస నొక్కితే ఏదో సినిమా అద్దెకు తీసుకోమనే పేజీ తెరుచుకుంది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ అదే పేజీ.

"పాడైనట్టుందే" అంది.

"పాడవలేదమ్మా, మార్చారు" అన్నాను.

"ఎవరు మార్చారు? మనింటికి ఎవరొచ్చారు?"

ఏం చెప్పను? కాసేపు చూసి రిమోట్ నా చేతిలో పెట్టి, "నువ్వే పెట్టు, నాకొద్దు" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ "నాకొద్దు" దగ్గరే ఆగిపోయాను ఇందాకటి నుంచీ. తన పని తాను చేసుకునే మనిషి ఒక చిన్న పనికి ఇంకొకరి మీద ఆధారపడాల్సి వచ్చింది. అదీ ఎవరో ప్రకటనలు అమ్ముకోవడానికి.

నాన్న పాత బటన్ల ఫోన్ గుర్తొచ్చింది. కింద పడితే మూడు ముక్కలయ్యేది. ఫోన్ ఒక మూల, వెనక మూత ఇంకో మూల, బ్యాటరీ ఎప్పుడూ మంచం కిందికే. మేమంతా నేలకు చెంపలు ఆనించి వెతికేవాళ్ళం. నాన్న మాత్రం తొందరపడేవారు కాదు. బ్యాటరీ చివర రాగి రంగు చుక్కల్ని చొక్కా అంచుతో తుడిచి, పెట్టి, మూత జరిపి, బటన్ నొక్కి పట్టుకునేవారు. చిన్న తెర వెలగ్గానే ఆయన ముఖం కూడా వెలిగేది. కళ్ళజోడు లేకుండా, చూడకుండా, బొటనవేలితో మా అందరి నంబర్లూ కొట్టేసేవారు. ఎలా అని అడిగితే "వేలికి తెలుసు" అనేవారు. తెలియడానికి వీలుండేది, ఎందుకంటే ఆ ఫోన్ కొన్న రోజు ఎలా ఉందో ఆఖరి రోజూ అలాగే ఉంది. అంకెలన్నీ అరిగిపోయి కనిపించకపోయినా ఐదు మీద ఉండే చిన్న బొడిపె వేలికి తగిలేది. దాన్నిబట్టి మిగతావన్నీ. ఆయన పోయాక కూడా చాలాకాలం నేను దాన్ని ఆన్ చేసి, ఆఫ్ చేసి పెట్టేదాన్ని.

సరే, ఎక్కడికో వెళ్ళిపోయాను.

నా కోపం ఏమిటంటే, డబ్బు ఇచ్చి కొన్న వస్తువు ఇంటికి వచ్చాక కూడా తయారుచేసినవాడి చేతిలోనే ఎందుకుండాలి? సోనీ ప్లేస్టేషన్ 3 అనే ఆటల యంత్రం కొన్నవాళ్ళు అందులో లినక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోవచ్చని చెప్పి అమ్మారు. 2010 ఏప్రిల్ 1న వచ్చిన అప్‌డేట్‌తో ఆ సదుపాయం తీసేశారు. అప్‌డేట్ వద్దనుకుంటే వేసుకోకుండా ఉండొచ్చు, కాకపోతే ఆన్‌లైన్‌లో ఆడటం పోతుంది. అంటే ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. 2016లో హెచ్‌పీ ప్రింటర్లు కొన్ని ఉన్నట్టుండి వేరే కంపెనీల కార్ట్రిడ్జులు తీసుకోవడం మానేశాయి. అదీ ఫర్మ్‌వేర్ (యంత్రం లోపల ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) పనే. గొడవయ్యాక కంపెనీ క్షమాపణ చెప్పింది. ఇక టీవీల విషయంలో అయితే విజియో అనే అమెరికా టీవీ కంపెనీ కథ చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఇంట్లోవాళ్ళు ఏం చూస్తున్నారో క్షణక్షణం పట్టేసి, ఆ సమాచారం అమ్ముకున్నారు. అంతకు ముందే అమ్మేసిన పాత టీవీల్లోకి కూడా ఆ సాఫ్ట్‌వేర్‌ను దూరం నుంచే ఎక్కించారని అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. మొత్తం 1.1 కోట్ల టీవీలు. 2017లో 22 లక్షల డాలర్లు కట్టి బయటపడ్డారు. అంటే టీవీకి ఎంత పడింది? ఇరవై సెంట్లు.

ఇంత కోపంలో సెట్టింగుల్లోకి వెళ్ళి ఆటో అప్‌డేట్ ఆపేశాను. ఇకమీదట ఈ ఇంట్లో ఏ వస్తువుకీ అప్‌డేట్ వేసేది లేదు అనుకుంటుండగా చిన్నోడు పక్కకొచ్చి, "అత్తా, మాట ఇప్పుడు సరిగ్గా వస్తోంది చూశావా?" అన్నాడు. నిజమే. కొన్ని నెలలుగా పెదవులు ముందు కదిలి మాట వెనక వచ్చేది. ఇవాళ రెండూ కలిసిపోయాయి. వాడికి భలే సంతోషం. నాకూ సంతోషమే, ఒప్పుకోవాలి.

అక్కడి నుంచి ఆలోచన వేరే దారి పట్టింది. 2017 మే నెలలో వానాక్రై అని, ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే వైరస్ వచ్చింది గుర్తుందా? నూట యాభైకి పైగా దేశాల్లో కంప్యూటర్లు తాళం పడిపోయాయి, బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని యంత్రాలే బలైపోయాయి. మా టీవీలో మైకుంది, ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఉంది. దానికి అప్‌డేట్ లేకుండా వదిలేస్తే రేపు ఎవరు దూరతారో!

మరి జనం అప్‌డేట్లంటే ఎందుకు భయపడుతున్నారు? కంపెనీలే భయపెట్టాయి. ఐఫోన్ సంగతి చూడండి. పాతబడిన బ్యాటరీ వల్ల ఫోన్ హఠాత్తుగా ఆరిపోకుండా 2017 మొదట్లో వచ్చిన అప్‌డేట్ దాని వేగం తగ్గించింది. కారణం సాంకేతికంగా న్యాయమైనదే. కానీ వేగం తగ్గిస్తున్నామని మనిషికి చెప్పలేదు. బెంచ్‌మార్కులు (ఫోన్ వేగం కొలిచే పరీక్షలు) చూసి జనమే పసిగట్టాక ఆ డిసెంబరులో ఒప్పుకున్నారు, 2020లో 50 కోట్ల డాలర్ల దాకా కట్టడానికి రాజీపడ్డారు. బ్యాటరీ మారిస్తే చాలు అని తెలియక కొత్త ఫోన్ కొన్నవాళ్ళ మాటేమిటి?

కాబట్టి అప్‌డేట్ మీద నా కోపం తీసేసుకుంటున్నాను. మందునీ ప్రకటననీ ఒకే సీసాలో పోసి, తాగితే రెండూ తాగు, లేకపోతే మానెయ్ అనడం మీదే నా కోపం. ఆ రెండూ విడదీయడం కుదరదంటే నేను నమ్మను. 2015లో ఆండ్రాయిడ్ ఫోన్లలో స్టేజ్‌ఫ్రైట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక గూగుల్ వాటికి నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు మొదలుపెట్టింది, వాటి తేదీ ఫోన్‌లో విడిగా కనిపిస్తుంది. ఆపిల్ 2023లో భద్రతకు మాత్రమే సంబంధించిన చిన్న అప్‌డేట్లు పంపింది, కావాలంటే వాటిని వెనక్కి తీసేసుకునే వీలు కూడా ఇచ్చింది. ఫోన్‌లో కుదిరింది టీవీలో ఎందుకు కుదరదు?

అమ్మకి కొత్త వరస నేర్పడం ఎలాగూ తప్పదు, అన్నయ్యకి మెసేజ్ పెట్టాను. ఆటో అప్‌డేట్ మాత్రం మళ్ళీ ఆన్ చేశాను, ఇష్టం లేకుండానే. ఈ అప్‌డేట్‌లో ఏముందో చూద్దామని వివరాలు తెరిస్తే "పనితీరు మెరుగుపరిచాం" అని ఒక్క ముక్క. హోమ్ స్క్రీన్ మార్చామని లేదు, ప్రకటనలు పెంచామని అసలే లేదు. ఇప్పుడే కంపెనీకి రాసి పంపాను: పాత హోమ్ స్క్రీన్ తిరిగి ఎలా పెట్టుకోవాలి, సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే తీసుకునే దారి ఉందా, లేకపోతే ఎప్పుడిస్తారు అని. జవాబొస్తే ఇక్కడే పెడతాను.