సీదా, ఉల్టా

డిసెంబరులో ఫిన్లాండ్‌లోని మా ఎస్పోలో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతుంది. అప్పుడు కాజీపేటలో రాత్రి ఏడు. మా అమ్మ వంట ముగించి ఫోన్ ముందు కూర్చుంటుంది. ఇక్కడ మా తొమ్మిదేళ్ల వాడు రెండు సూదులు, ఆకుపచ్చ ఊలుండ తీసుకుని సోఫా ఎక్కుతాడు.

నిరుటి దాకా ఈ ఫోన్లు రెండు నిమిషాల్లో అయిపోయేవి. "తిన్నవా బిడ్డా?" "తిన్న." "బడికి పోయినవా?" "పోయిన." అంతే, ఫోన్ నా చేతికిచ్చి పరుగు. వారాంతపు తెలుగు క్లాసు, అక్షరాల పుస్తకాలు అన్నీ చూశాను. అక్షరాలు వచ్చాయి, మాట్లాడేందుకు మాటే దొరకలేదు.

ఫిన్లాండ్‌లో 1866 నాటి బడుల ఉత్తర్వు నుంచీ చేతిపని పాఠాల్లో భాగం. ఇప్పుడు కుట్లు, అల్లికలు, చెక్కపని ఆడా మగా తేడా లేకుండా అందరూ నేర్చుకుంటారు. అలా మావాడు బడి నుంచి సూదులతో వచ్చాడు. వాడి నోట "ఓయికేయా", "నుర్యా" అన్న రెండు రకాల అల్లిక కుట్ల పేర్లు వినగానే అమ్మ, "అవేం మాటలు బిడ్డా? సీదా, ఉల్టా అంటరు" అంది. రైల్వే క్వార్టర్స్‌లో పక్కింటి పంజాబీ ఆమె దగ్గర స్వెటర్లు నేర్చుకుంది మరి, ఆ మాటలే నిలిచిపోయాయి. ఫిన్నిష్‌లోనూ అర్థం దాదాపు అదే, ఒకటి సరైన వైపు, ఒకటి తిరగవైపు. అది తెలిసిన రోజు ఇద్దరూ నవ్విన నవ్వు నాకింకా చెవుల్లో ఉంది.

మొదటి మఫ్లర్‌కు అన్ని వరుసలూ సీదాలే అల్లమంది అమ్మ. ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా వేస్తే ముందువైపు నున్నగా వస్తుంది కానీ అంచులు చుట్టుకుపోతాయి. అన్నీ సీదాలైతే రెండు వైపులా గట్లు గట్లుగా వచ్చి, బట్ట చదునుగా ఉంటుంది.

ఇరవై కుట్లతో మొదలుపెట్టినవాడికి పది వరుసలయ్యేసరికి ఇరవై మూడు తేలాయి. వాడి కళ్లలో నీళ్లు. అమ్మ సూదిని కెమెరా దగ్గరికి పెట్టమంది. "గట్ల కాదు బిడ్డా. వరుస తిప్పినంక దారం సూది మీదికెల్లి ఎనకకు ఏసినవ్. గందుకే మొదటి కుట్టుకు రెండు కాళ్లొచ్చినయ్, నువ్వు రెండూ అల్లినవ్. దారం కిందికి గుంజు." గుంజాడు. రెండు పోగులూ ఒకటయ్యాయి.

వాడు బడిలో నేర్పినట్టు దారం ఎడమచేత్తో పడతాడు, అమ్మ కుడిచేత్తో. అమ్మలాగే పట్టించాలని నేను ఆరాటపడ్డాను. "వాని చెయ్యి వానికి అలవాటైంది, ఇడువు" అని అమ్మే ఆపింది.

వదులు, బిగువు, పోగు, చిక్కు, మెలిక. నేను ఏనాడూ నేర్పని మాటలు వాడికి ఇప్పుడు వచ్చు. మొన్న ఆదివారం నేను వంటింట్లో ఉండగా, నన్నేమీ అడక్కుండానే వాడు ఫోన్‌లో అరిచాడు: "అమ్మమ్మా, ఒక కుట్టు జారిపోయింది! కిందికి దిగుతుంది!"

"కదపకు బిడ్డా, క్రోషే సూది తే."