స్వీట్ బాక్స్ అట్టతో ఇంజిన్ మౌంట్

ఎనిమిది నెలలుగా గరాజ్‌లో కారుకి చోటు లేదు. అక్కడ నేను కడుతున్న మట్టి రేసు బైక్ నిన్న సాయంత్రం స్టార్టయింది.

ఇంజిన్ హోండా సీఆర్500 అనే మోటోక్రాస్ బైక్‌ది. 491 సీసీ, టూ స్ట్రోక్. 2001 మోడల్‌తో ఆపేశారు. చిన్నదైన సీఆర్250కి 1997లోనే అల్యూమినియం ఫ్రేమ్ ఇచ్చిన హోండా, దీన్ని మాత్రం చివరిదాకా స్టీలు ఫ్రేమ్‌లోనే ఉంచేసింది. ఆ లోటు తీర్చే పిచ్చి అమెరికాలో చాలామందికి ఉంది, నాకూ అంటుకుంది. హోండాదే సీఆర్ఎఫ్450 బైక్ అల్యూమినియం ఫ్రేమ్ కొన్నాను. అది ఫోర్ స్ట్రోక్ కోసం పుట్టింది, ఒక్క బోల్టు రంధ్రమూ కలవదు.

ఇంజిన్‌ని ఫ్రేమ్‌కి బిగించే మౌంట్ ప్లేట్ల కొలతలకి ఇండియన్ స్టోర్ మైసూర్‌పాక్ డబ్బా అట్టే కత్తిరించాను. నెయ్యి మరకతో సహా ఆ అట్టనే వెల్డర్ చేతిలో పెడితే వాసన చూసి నవ్వాడు. ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ ఒకే గీతలోకి రావడానికి మూడు వారాంతాలు పట్టింది. దారం కట్టి చూడటం, విప్పడం, మళ్లీ కట్టడం. ఇక సైలెన్సర్ గొట్టం! టూ స్ట్రోక్‌కి ఆ పొట్ట ఉబ్బు లేకపోతే పవర్ రాదు, ఆ ఉబ్బేమో రేడియేటర్‌కి తగిలేది. రెండుసార్లు కోసి అతికించాం.

సెల్ఫ్ లేదు, కిక్కే. నాలుగో కిక్‌కి ఎదురుతన్ని మడమ వాచింది. ఆరో కిక్‌కి నీలం పొగ.

నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయన పాత ఆర్ఎక్స్100 మనిషి. కాసేపు విని, "ఐడ్లింగ్ ఎక్కువుంది రా, తగ్గించు" అన్నారు.