300 గ్రాముల క్యాలిపర్
సాయంత్రం మా అపార్ట్‌మెంట్ కింద ఓ పిల్లాడు కాలికి ఊతంగా తొడిగే క్యాలిపర్‌తోనే బంతి వెనక పరుగు. చూస్తుంటే కలాం గారు గుర్తొచ్చారు.

ఆయన హైదరాబాద్‌లో క్షిపణుల పనిలో ఉన్నప్పుడు, నిమ్స్ నుంచి ఎముకల డాక్టర్ ఒకాయన ల్యాబ్‌కి వచ్చి, అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన మెటీరియల్ చేత్తో ఎత్తి చూశారట. ఎంత తేలికో! వెంటనే కలాం గారిని ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు మూడు కిలోల పైగా బరువున్న క్యాలిపర్లతో కాళ్లీడుస్తూ నడుస్తున్నారు.

కొద్ది రోజుల్లోనే 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. తల్లిదండ్రులకు కళ్లనీళ్లు ఆగలేదని ఆయనే చెప్పేవారు.

2002లో రాష్ట్రపతి అయ్యారు, చాలా గొప్ప విషయం. నాకు మాత్రం ఆయన పేరు వింటే ముందు ఈ క్యాలిపర్లే గుర్తొస్తాయి. అంత టెన్షన్ పనిలో కూడా ఆ పిల్లల బాధ పట్టించుకున్నారు చూడండి, అందుకే ఆయనంటే నాకు ప్రాణం.