దసరా వెళ్ళింది, దుంపలు ఏరుకోవాలి

దసరా వెళ్ళగానే నా మనసంతా పూలదుంపల మీదకి పోతుంది. ఈసారి 1750 నాటి కైజర్స్‌క్రూన్ అనే రకం తులిప్ పెట్టాలని పట్టుబట్టాను, ఎర్ర రేకులకు వెడల్పాటి పసుపు అంచు, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కానీ దానికి కనీసం 12 వారాలు గట్టి చలి కావాలి, మన బెంగళూరు డిసెంబర్ చలి ఏ మూలకీ చాలదు. అందుకే కాగితం సంచిలో వేసి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టేశాను, జనవరిలో కుండీలోకి మారుస్తా. పక్కన యాపిల్, అరటిపండు మాత్రం ఉంచకండి, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకి దుంప లోపలి మొగ్గ చచ్చిపోతుంది. నిరుడు నాకు నాలుగు అలాగే పోయాయి, చాలా బాధేసింది.

ఏరేటప్పుడు బొటనవేలితో అడుగు నొక్కి చూడండి. ఉల్లిగడ్డలా గట్టిగా, చేతికి బరువుగా తగలాలి. పైపొర ఊడినా పర్లేదు, మెత్తబడితే వద్దు.

నాకు అన్నిటికన్నా ఇష్టం అమ్మమ్మ పెరట్లోని ఒంటిరేకు నేలసంపెంగ, ఇక్కడ సుగంధరాజ అంటారు. ముద్దపూల రకం కన్నా దీనికే వాసన ఎక్కువ, ఫ్రిజ్ గొడవా లేదు. మదనపల్లె నుంచి పిన్ని పంపిన దుంపలు పాత పేపర్లో చుట్టి ఉన్నాయి, ఇంకా ఎర్రమట్టి అంటుకునే ఉంది. సంక్రాంతి వెళ్ళి ఎండ ముదిరాక నాటుతాను.