పనిషర్‌ని వరసగా చదువుతుంటే

ఈ మధ్య నేరస్థుల్ని వేటాడి చంపే పనిషర్ అనే మార్వెల్ పాత్ర కామిక్స్‌ని అవి వచ్చిన వరసలోనే చదువుతున్నాను. మనసంతా బరువెక్కింది.

1974లో, అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 129వ సంచికలో మొదటిసారి కనిపించినప్పుడు అతను హీరో కాదు, స్పైడర్‌మ్యాన్‌ని చంపడానికి వచ్చినవాడు. రాసింది జెర్రీ కాన్వే, బొమ్మలు రాస్ ఆండ్రూవి. సొంత పేరుతో సిరీస్ రావడానికి 1986 దాకా పట్టింది. ఆ తర్వాత ఒకటే జోరు, తొంభైల్లో నెలనెలా మూడు సిరీస్‌లు! 1995కల్లా మూడూ ఆగిపోయాయి. వాటిలో చాలా కథలు నాకు గుర్తు కూడా ఉండవు.

2000లో రచయిత గార్త్ ఎనిస్, చిత్రకారుడు స్టీవ్ డిల్లన్ అతన్ని మళ్లీ నిలబెట్టారు. 2004లో మొదలైన, పెద్దల కోసం ఎనిస్ రాసిన మ్యాక్స్ సిరీస్ మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. అందులో పనిషర్, అంటే ఫ్రాంక్ కాజిల్, వియత్నాం యుద్ధంలో పోరాడిన, వయసు మళ్లిన అమెరికన్ మాజీ సైనికుడు. భార్యాపిల్లల్ని పోగొట్టుకున్నాక ఎంతమందిని చంపినా అతనికి శాంతి లేదు. పగ తీరితే కడుపుమంట చల్లారుతుందని ఎనిస్ ఎక్కడా నమ్మించడు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

అలాంటివాడి ఛాతీ మీది పుర్రె గుర్తు అమెరికాలో పోలీసుల బండ్ల మీదికి ఎక్కడం చూస్తే బాధేస్తుంది. ఆ బాధ కాన్వేకీ ఉంది. 2020లో ఆయన శ్వేతజాతికి చెందని యువ చిత్రకారులతో ఆ పుర్రెనే కొత్తగా గీయించి, టీషర్టులు అమ్మి, నల్లజాతివారి హక్కుల ఉద్యమం బ్లాక్ లైవ్స్ మేటర్ కోసం విరాళాలు సేకరించారు.